చిగుళ్ల మీద గురి

కావలి స్టేషన్‌లో పొద్దున్నే రైలు దిగిన రాడార్ సైంటిస్ట్ ఆనందబాబు పది అడుగులైనా వేయకుండానే కుప్పకూలాడు. ఒంటి మీద గాయం లేదు. మూడు రోజుల తర్వాత వచ్చిన పోస్ట్‌మార్టం రిపోర్టు మాత్రం సూటిగా చెప్పింది: ఇంప్లాంట్ పన్ను చుట్టూ చిగురు కుళ్లి, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది.

"రెండు నెలల్లో ఇది రెండో చావు," అంది గూఢచారి విభాగం చీఫ్ సామ్రాజ్యం.

నెల్లూరులో ఒక మేడ మీద గది అది. ఏజెంట్ రూఫస్ కుదురుగా కూర్చోలేక కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాడు.

"ఇద్దరూ ఒకే ప్రాజెక్టు. ఒకే డెంటల్ క్లినిక్. ఇద్దరూ అక్కడిచ్చిన ప్రోబయాటిక్ బిళ్లలే చప్పరించారు," అంది సామ్రాజ్యం.

"అవి చంపుతాయా, మేడం?"

"చంపవు. మేలు చేసే బాక్టీరియా అది. ఇంప్లాంట్ శుభ్రం చేశాక వాడితే చిగురు వాపు తగ్గొచ్చంటారు. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. కానీ వాటిలో ఒక ముఠా మందులకు లొంగని క్రిమిని కలుపుతోంది. ప్రాజెక్టు డైరెక్టర్ శివశంకర్‌కి ఈరోజు పదకొండింటికి అక్కడే అపాయింట్‌మెంట్. ఆయన్ని కాపాడడానికి లోపల మన డాక్టర్ ప్రత్యూష ఉంది. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది."

"నిజంగా ఎవరి మనిషి?"

సామ్రాజ్యం మాట మారుస్తూ పళ్ల సందులు శుభ్రం చేసే ఫ్లాస్ దారం డబ్బీ ఒకటి అతని చేతిలో పెట్టింది. "దారం ఆ క్రిమికి తగిలితే ఎర్రబడుతుంది. క్లినిక్ వ్యాన్ తరచూ తోటపల్లి గూడూరులో ఒక రొయ్యల షెడ్డుకు వెళ్తోంది. ముందు అక్కడికి పో."

రొయ్యల మందులు అమ్మే సేల్స్‌మన్ వేషంలో రూఫస్ గుంటల గట్టున బైక్ ఆపేసరికి పదిన్నర. కాపలా ఉన్న పోలేరయ్య అతని శాంపిల్ ప్యాకెట్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పటికే షెడ్డులో పీపా నిండా ఉండాది సార్. రొయ్యలకని చెప్పినారు. ఒక్క చుక్క గుంటలో పొయ్యలేదు. దాన్ని ముట్టుకున్నందుకు మా తమ్ముడి చెయ్యి పుండైపోయింది. ఎన్ని మందులేసినా మానలా."

రూఫస్ పీపాలో దారం ముంచాడు. రక్తంలా ఎర్రబడింది.

"ఇక్కడికి ఎవరొస్తారన్నా?"

"విక్టర్ అని తెల్లదొర. ఈ పొద్దు ఒక సీసా నింపుకుపోయినాడు. వాడికంటే ముందే డాక్టరమ్మ వచ్చి బిళ్లల డబ్బా ఎత్తుకుపోయింది."

డాక్టరమ్మ! రూఫస్ శివశంకర్‌కి ఫోన్ చేశాడు. స్విచాఫ్. ప్రత్యూషకి చేయడానికి మనసొప్పలేదు. బైక్ ఎక్కి క్లినిక్ దారి పట్టాడు. ఒక గేదె అడ్డొచ్చింది, ఒక ధాన్యం లారీ దారివ్వలేదు. క్లినిక్ మెట్లెక్కేసరికి పదకొండు దాటి ఆరు నిమిషాలు.

బూడిదరంగు పట్టుచీరలో ప్రత్యూష ఎదురొచ్చింది. "ఉప్పునీళ్లు పుక్కిలించారా?" అంది. అది కోడ్.

"సముద్రం పక్కనే కదా," అని కోడ్ చెబుతూనే ఆమెను తోసుకుని లోపలికి వెళ్లాడు. కుర్చీలో శివశంకర్ బిళ్లను పెదవుల దాకా తెచ్చాడు. రూఫస్ ఆయన చేతిని ఒక్క దెబ్బ కొట్టాడు. కింద పడ్డ బిళ్లకు దారం తాకించాడు.

దారం తెల్లగానే ఉంది.

"డబ్బా నేను మార్చేశాను," అంది ప్రత్యూష అతని చెవిలో మెల్లగా. "వీటిలో అసలు మందే ఉంది."

శివశంకర్‌కి ఒళ్లు మండింది. "ఎవరయ్యా నువ్వు? నోరన్నా కడుక్కోనిస్తావా?" అంటూ, పక్కన నిలబడ్డ విదేశీ టెక్నీషియన్ అందించిన కప్పు పైకెత్తాడు.

విక్టర్! సీసా!

రూఫస్ దూకాడు. కప్పు ఎగిరి గోడకు తగిలింది. ఆ నీళ్లలో దారం ఎర్రబడింది. విక్టర్ పిస్టల్ తీశాడు. ప్రత్యూష కుర్చీ మీది దీపాన్ని కడ్డీతో సహా లాగి అతని మణికట్టు మీద బలంగా కొట్టింది. పిస్టల్ జారింది. రూఫస్ అతన్ని నేలకు అదిమి పట్టాడు.

బేడీలు పడ్డాక రూఫస్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "మిమ్మల్ని నమ్మలేదు. క్షమించండి."

"నమ్మి ఉంటే వాడికి అనుమానం వచ్చేది. అయినా సీసా సంగతి నాకూ తెలియదు," అంది.

కుర్చీలోంచి శివశంకర్ గొంతు సవరించుకున్నాడు. "దేశం సరే డాక్టరుగారూ, నా చిగుళ్ల సంగతేంటి?"

"రెండు పూటలా బ్రష్ చేయండి సార్," అంది ప్రత్యూష. "అక్కడ కాపలాకి మేం రాలేం."