కవరు వదిలేసిన దొంగ

శనివారం మధ్యాహ్నం సింగపూర్‌లోని సెంబవాంగ్ షిప్‌యార్డు ఎలక్ట్రీషియన్ ఉపేంద్ర, డ్యూటీ బట్టలతోనే ప్రైవేటు డిటెక్టివ్ భానుమతి ఆఫీసుకొచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్, నేను దొంగనని బిల్కీస్ గారు పుస్తకాలు సేకరించేవాళ్ల మా వాట్సాప్ గ్రూపులో పెట్టేశారండి. రేపు సాయంత్రంలోగా పుస్తకం ఇవ్వకపోతే పోలీసు కంప్లైంటంటండి. కేసైతే నా వర్క్ పర్మిట్ పోద్దండి," అన్నాడు.

భానుమతి తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం ఆవిడ అసిస్టెంటు తిరుమలేష్. అలాంటివాడికి కూడా, పోయింది బొమ్మల పుస్తకమని తెలియగానే ఉసూరుమంది.

ఉపేంద్ర ఓపిగ్గా వివరించాడు. జపాన్‌లో పేరుమోసిన కామిక్స్ సీరీసులోని పాత్రలను తీసుకుని, అభిమానులే సొంతంగా కథలల్లి, బొమ్మలు గీసి, కొద్ది కాపీలు వేసుకుంటారు. వాటిని దోజిన్‌షీ అంటారు. పాసిర్ రిస్‌లో ఉండే హైదరాబాదావిడ బిల్కీస్ దగ్గర మూడొందలున్నాయి. నెలకో ఆదివారం అతను వెళ్లి చదువుకుంటాడు. పోయినదాన్ని ఆ చిత్రకారిణి ముప్పై కాపీలే వేసి, తన చేత్తో పిన్నులు కొట్టింది. అమ్మమని అతను మూడుసార్లు అడిగిన మాట నిజమే. కిందటి ఆదివారం దాన్ని చదివి, అల్మారాలో పెట్టి వచ్చేశాడు. సోమవారానికి పుస్తకం లేదు.

మర్నాడు పొద్దున ముగ్గురూ పాసిర్ రిస్ వెళ్లారు. బిల్కీస్ ఉపేంద్ర ముఖం చూడకుండా, ఖాళీ ప్లాస్టిక్ కవరును భానుమతికిచ్చింది. పుస్తకం ఉండాల్సిన చోటే అది నిటారుగా పెట్టి ఉందని చెప్పింది. తేమ పీల్చే పొట్లం, వెనక ఆనించే తెల్లట్ట కవర్లోనే ఉన్నాయి. అట్ట కుడి అంచున రెండు తుప్పు మచ్చలున్నాయి.

బిల్కీస్ ఆడపడుచు ఇరం ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఈ పుస్తకాలొచ్చాక తన గది గోడౌనైపోయిందని చిరాకు పడింది. "పేపరే కదా లా," అంది సింగపూర్ యాసలో. తిరుమలేష్ మనసులో ఆ అమ్మాయికి బేడీలు వేసేశాడు.

బిల్కీస్ భర్త మొహ్సిన్ మర్యాదస్తుడు. మిగతావి చూపిస్తానంటూ ఒక పుస్తకం తీసి ఎడమవైపు నుంచి తెరిచాడు. అది చివరి పేజీ అని ఇరం నవ్వి, తిప్పి ఇచ్చింది. పక్క అరలో పెళ్లి సర్టిఫికెట్ మొదలు కరెంటు బిల్లుల దాకా అన్నీ స్పైరల్ బైండింగుతో ఉన్నాయి. భానుమతి మెచ్చుకుంటే, అవన్నీ తానే చేయించానని మొహ్సిన్ మురిసిపోయాడు.

చాయ్ వచ్చింది. భానుమతి అందర్నీ హాల్లో కూర్చోమంది. ఉపేంద్ర మాత్రం తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఈ తేమలో పుస్తకాలు సేకరించేవాడెవడూ పుస్తకాన్ని కవరు లేకుండా పట్టుకుపోడు. కాబట్టి ఉపేంద్ర కాదు. కోపంతో పారేసేవాళ్లు ఖాళీ కవరును జాగ్రత్తగా అదే చోట పెట్టరు. కాబట్టి ఇరం కాదు. తీసినవాళ్లు తిరిగి తెచ్చి అందులోనే పెడదామనుకున్నారు. పిన్నులు తుప్పుపట్టాయని మచ్చలు చెబుతున్నాయి. తుప్పు పిన్నులు చూసి బైండింగు చేయించకుండా ఊరుకోలేని మనిషి ఈ ఇంట్లో ఒక్కరే. కానీ కుడి నుంచి ఎడమకు చదివే ఈ జపాన్ పుస్తకాల కుట్టు కుడివైపు ఉంటుందని ఆయనకు తెలియదు. బైండింగు షాపులో ఎడమవైపు చిల్లులు వేయించారు. అవునా మొహ్సిన్ గారూ?"

మొహ్సిన్ లోపలికెళ్లి బట్టల కింది నుంచి పుస్తకం తెచ్చాడు. ప్రతి పేజీలోనూ బయటి అంచునున్న ముఖాల మీదుగా చిల్లులు వరసగా పడ్డాయి.

"మంచిగ బైండింగ్ చేయించి ఇస్తే ఖుష్ అయితవనుకున్న. ఇంటికొచ్చి చూస్తే గిట్లయింది. చెప్పనీకె ధైర్యం రాలే," అన్నాడు.

బిల్కీస్ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది కానీ దాన్ని చూడలేదు.

"పుస్తకం పోతే పోనీ. నేను ఈ పిలగాని పేరు రాస్తుంటే పక్కనే కూసొని చూసినవు కదా," అంది.

మనసులో ఇరంకు బేడీలు వేసిన తిరుమలేష్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. బిల్కీస్ కళ్లు తుడుచుకుని, అల్మారాలోంచి నచ్చిన పుస్తకం తీసుకోమని ఉపేంద్రను బతిమాలింది.

"పుస్తకం వద్దండి. దొంగనని ఎక్కడ రాశారో, కాదని అక్కడే రాయండి," అన్నాడతను.

ఆమె ఫోను అందుకోబోతే మొహ్సిన్ ఆపాడు. తన పేరుతో తానే రాస్తానన్నాడు. నలభైమంది ఉన్న ఆ గ్రూపులో ఆమె చేత తన నంబరు చేర్పించుకుని, పుస్తకం తీసిందీ, పాడుచేసిందీ, నోరు మూసుకున్నదీ తానేనని టైపు చేశాడు. ఒక్కో మాటా చెరిపి మళ్లీ రాయడంతో చాలాసేపు పట్టింది.

ఉపేంద్ర తన ఫోన్లో ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. అప్పుడొచ్చి కూర్చుని, చల్లారిపోయిన చాయ్ తాగాడు.