మేస్త్రి పూడ్చిన సొట్టలు

'రేపు' అనే మనిషి తగలకపోతే మేస్త్రి బతుకు మరోలా ఉండేది. ఈ మాట ఆయన రోజుకొక్కసారైనా అనుకుంటాడు, ఎక్కువగా పొద్దున్నే పళ్లు తోముకుంటున్నప్పుడు. రేపు అంటే ఆయన బావమరిది. ఏదడిగినా "రేపు చూద్దాం బావా" అంటాడు కాబట్టి పనివాళ్లు పెట్టిన పేరు. ఇద్దరూ కలిసి స్థలం కొని కార్ల షెడ్డు వేశారు. మేస్త్రి సొట్టలు తీసేవాడు, రేపు కాగితాలు చూసేవాడు. ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన మేస్త్రికి కాగితమంటే భయం, ఆ భయం బయటపడుతుందంటే అంతకన్నా సిగ్గు. ఒకరోజు "పన్ను కాగితం బావా, ఇక్కడో సంతకం" అంటే, చదివినట్టు కాసేపు కళ్లు ఆడించి పెట్టేశాడు. ఆ సంతకంతో స్థలంలో ఆయన సగం రేపు పేరు మీదికి పోయింది. పదకొండేళ్లయింది. ఇప్పుడు అదే షెడ్డులో వారం కూలికి సొట్టలు తీస్తున్నాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు అదే షెడ్డులో గాజు తలుపు వెనక కూర్చుని బిల్లులు రాస్తోంది.

ఆ ఆదివారం సెలవే అయినా వెలుతురు రాకముందే మెలకువ వచ్చేసింది. పడుకుంటే నడుము నొప్పి, లేస్తే మోకాళ్లు. ఏ నొప్పయితేనేం అనుకుని లేచి వెనక వసారాలోకి వెళ్లాడు. అక్కడ బోర్లించిన బకెట్టు మీద ఆ తలకాయ కూర్చుని ఉంది.

తలకాయ అన్నది మేస్త్రి మాట. కూతురు హెల్మెట్ అంటుంది. ఏదో గ్రహం మీద యుద్ధం చేసే సైనికుడిదట. ఆ గ్రహమూ, ఆ యుద్ధమూ, ఆ సైనికుడూ దాని బుర్రలోనే పుట్టారు. అట్టముక్కలు కత్తిరించి అతికించింది. లోపల ఫైబరు గుడ్డ పరిచి, రెజిన్ పోసి గట్టిపరిచింది. పైన, షెడ్డులో డబ్బాల అడుగున మిగిలిన లప్పం గోకి తెచ్చి రాసింది. కళ్ల దగ్గర పాత బైకు హెల్మెట్టు నల్ల అద్దం బిగించింది. రెండు నెలలుగా ఇంట్లో టీ తాగినా దుమ్ము రుచే.

ఆ సాయంత్రం నాలుగింటికి కూతురు దాన్ని పట్టుకుని వెళ్లాలి. నాటకాలకీ సినిమాలకీ కత్తులూ కవచాలూ చేసే వర్క్‌షాపు వాళ్లు మనిషి కావాలన్నారు. చదువు కాగితాలు అక్కర్లేదు, మీ చేత్తో చేసినది ఒక్కటి తెండి అన్నారట. ఆ మాట విన్న రోజునుంచి తండ్రీకూతుళ్లకు సరిగ్గా మాటల్లేవు.

"చేతిపని ఎలా ఉంటుందో నా చేతులు చూసి కూడా తెలీలేదా నీకు? నీడపట్టున కూర్చుని రాసుకునే పని వదిలి మళ్లీ ఈ దుమ్ములోకే వస్తావా?" అన్నాడాయన. "నా దుమ్ము నేను పడతాను" అంది అది. అంతే.

మేస్త్రి తలకాయ ముందు గొంతుక్కూర్చున్నాడు. సొట్ట కంటికి దొరకదు, అరచేతికి దొరుకుతుంది. అందుకని అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని చేత్తో నిమిరాడు. ఒకటి. రెండు. చెంప దగ్గర మూడు. మొత్తం తొమ్మిది.

'పిచ్చిమొద్దు' అనుకున్నాడు. 'ఇది పట్టుకెళితే మొహాన నవ్వరూ?'

కూతురు వెళ్లకూడదని ఆయన కోరిక. కానీ వెళ్లకపోవడం వేరు, వెళ్లి నవ్వులపాలు కావడం వేరు. మేస్త్రి కూతురు సొట్టల వస్తువు పట్టుకొచ్చిందని ఎవడైనా అంటే ఆ మాట ఆయన నెత్తినే పడుతుంది. లప్పంలో గట్టిమందు కలిపాడు. తొమ్మిదింటినీ పూడ్చాడు. ఆరాక నీళ్లు చల్లుతూ గరుకు కాగితంతో రుద్దాడు. ప్రైమర్ ఒక పూత కొట్టాడు. రెండు గంటల తరవాత చెయ్యి పెడితే జారిపోయింది. పదకొండేళ్లలో షెడ్డు కోసం కాకుండా, కూలికి కాకుండా ఆయన చేసిన మొదటి పని అది. ఈల వెయ్యాలనిపించింది గానీ ఓపిక లేక మానుకున్నాడు.

కూతురు లేచి వచ్చేసరికి ఎండ వసారాలోకి దిగింది.

"నాన్నా... ఏం చేశావు?"

"ఏం చేశానా? తొమ్మిది సొట్టలు తీశాను. చెయ్యి పెట్టి చూడు, కొత్త కారు తలుపులా ఉందా లేదా?"

కూతురు ఉన్నచోటే కూలబడింది. "అవి నేను పెట్టినవి నాన్నా. కావాలని."

"కావాలని సొట్టలు ఎవరు పెట్టుకుంటారే?"

"యుద్ధం నుంచి వచ్చినవాడి హెల్మెట్టది! వాడికేం జరిగిందో దాన్ని చూస్తే తెలియాలి. ఇలా నున్నగా ఉన్నది బొమ్మల కొట్లో కొనుక్కోవచ్చు. నేనెందుకూ మధ్యలో?"

భార్య టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో ఆగింది. "అప్పుడే మొదలెట్టారా?"

"నాన్న కావాలనే చేశాడమ్మా. నేను వెళ్లకూడదని."

మేస్త్రి చేతిలోని గరుకు కాగితం కింద పడింది. "ఏమన్నావు? వెనకనుంచి దెబ్బకొట్టే రకమా నేను? నేనేమన్నా మీ మావయ్యననుకున్నావా?"

"చాల్లెండి, ఇందులో నా తమ్ముడి ఊసెందుకు?" భార్య గ్లాసులు ఠక్కున కింద పెట్టింది. "పాలు విరిగినా వాడే, పంపు కారినా వాడే!"

"పాలు విరిగితే వాడు కాదులే. బతుకు విరిగితే మాత్రం వాడే."

"ఇద్దరూ ఆపండి!" కూతురు చేతి వెనకతో కళ్లు తుడుచుకుంది. "నాన్నా, ఆ గాజు తలుపు వెనక కూర్చుంటే నాకేం కనపడుతుందో తెలుసా? నీ కాళ్లు. కారు కిందనుంచి బయటికి, నీ రెండు కాళ్లు. బండి తయారయ్యాక మావయ్య దాని పక్కన నిలబడి 'మా పని చూశారా' అంటాడు. బిల్లు నేనే రాస్తాను. చేసినవాడి పేరు రాయడానికి అందులో గడి లేదు. నువ్వెంత బాగా చేస్తే నీ పని అంతగా మాయమైపోతుంది. సొట్ట ఎక్కడ పడిందో ఆ బండివాడికే గుర్తుండదు. నాకు కనపడే పని కావాలి నాన్నా. తప్పా?"

టీ మీద తరక కట్టింది.

మేస్త్రి తన అరచేతుల వైపు చూసుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఎన్ని తలుపులు, ఎన్ని బానెట్లు! వాటిలో ఒక్కదాన్నైనా చూపించి 'ఇదిగో, ఇది నాది' అనడానికి లేదు. కనపడకపోవడమే పనితనమని అందరికీ ఆయనే చెప్పేవాడు. ఆ మాట కూతురి నోట వింటే ఇంత బరువుగా ఉంటుందని తెలియదు.

హెల్మెట్టు చెంప మీద వేలు పెట్టి అన్నాడు, "గరిటెతో పెట్టావు కదూ?"

"ఏంటి?"

"ఆ తొమ్మిదీ. లప్పం పచ్చిగా ఉండగా గరిటె వీపుతో ఒత్తావు. అన్నీ ఒకే లోతు, ఒకే గుండ్రం. యుద్ధంలో తగిలినట్టు లేవు, మొగుడూపెళ్లాల పోట్లాటలో తగిలినట్టున్నాయి."

"ఓసినీ! నా గరిటెకి అంటుకున్న ఆ బూడిదరంగు అదా?" అంది భార్య. "నాలుగు రోజుల్నుంచి తోముతున్నా!"

కూతురికి ఏడుపులో నవ్వొచ్చి ముక్కు చీదుకుంది.

"లే," అన్నాడు మేస్త్రి. "నాలుగింటి వరకూ టైముంది. రంగు ముందు, దెబ్బ తరవాత. నువ్వు దెబ్బలు పెట్టి పైన రంగు కొడదామనుకున్నావు. బతుకులో అలా జరగదమ్మడూ. ఏ బండీ సొట్టలతో పుట్టదు. నున్నగానే వస్తుంది, తరవాతే తగుల్తాయి."

వెండిరంగు మీద ముదురు ఆకుపచ్చ కొట్టి ఎండలో పెట్టారు. మధ్యాహ్నానికి ఆరింది. మేస్త్రి లోపల తడిగుడ్డలు కుక్కి చిన్న సుత్తి తీశాడు. చెయ్యెత్తి ఆగాడు.

"చెప్పు. వీణ్ని ఎవరు కొట్టారు?"

"అదంతా అనుకోలేదు నాన్నా."

"ఎవరు కొట్టారో తెలీకుండా సొట్ట పెట్టకూడదు. నిలబడి ఉండగా తగిలిందా, పారిపోతుండగానా?"

కూతురు ఆలోచించింది. "పారిపోలేదు. వీడు పారిపోయే రకం కాదు."

"అయితే అన్నీ ముందువైపే." సుత్తి పక్కవాటుగా దిగింది. రంగు సన్నటి ఉంగరాల్లా పగిలి, అడుగునున్న వెండి మెరిసింది. "చూశావా, దెబ్బ చుట్టూ గీతలు. ఇది తూలి పడితే తగిలింది. ఇది ఇనప కడ్డీతో గీకింది. ఇప్పుడు నువ్వు కొట్టు. మణికట్టు వదులు చెయ్యి. ఆఁ, అలా."

ఎనిమిది దెబ్బలు పూర్తయ్యాయి. మేస్త్రి హెల్మెట్టును తిప్పి వెనకవైపు చూశాడు.

"ఒకటి ఇక్కడ కూడా పడాలి."

"వీడు పారిపోలేదన్నాంగా?"

"పారిపోకపోయినా సరే. నమ్మినవాడు ఉంటాడు కదా ఎవడో ఒకడు."

ఆ దెబ్బ ఆయనే వేశాడు. చిన్నదే, కానీ లోతుగా దిగింది. "గుద్దినవాడి రంగు దెబ్బలో అంటుకుంటుంది. ఎవడు గుద్దాడో రంగే చెబుతుంది" అన్నాడు, ఎటో చూస్తూ.

కూతురు లేచి వెళ్లి అటక మీదనుంచి ఒక చిన్న డబ్బా దించింది. షెడ్డు పెట్టినప్పుడు గేటుకు మేస్త్రి స్వయంగా వేసిన నీలం రంగు. అడుగున గడ్డకట్టి కొంచెం మిగిలింది. గోటితో గీకి, సొట్టలో రుద్దింది. భార్య చూసింది. పదకొండేళ్లలో తమ్ముడి తరఫున నోరు మెదపకుండా ఉండటం ఆమెకు అదే మొదటిసారి. టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లి, గిన్నెలు సర్దుతున్నట్టు చప్పుడు చేసింది.

"ఇటివ్వు, బిగుతు చూస్తాను" అని మేస్త్రి హెల్మెట్టు తలకు పెట్టుకున్నాడు.

లోపల చీకటిగా, వెచ్చగా ఉంది. తన ఊపిరి తనకే వినపడింది. నల్ల అద్దంలోంచి కూతురు కనపడుతోంది. రంగు మరకల చేతులు, లప్పం అంటిన జుట్టు. అచ్చం ఇరవై ఏళ్ల వయసులో తాను. అద్దంలోంచి తన మొహం ఎవరికీ కనపడదని తెలిశాక, ఇన్నేళ్లూ దాచుకున్నది ఆయన్ను అడక్కుండానే జారిపోయింది. గడ్డం దాకా తడిసింది.

"ఎంతసేపు పెట్టుకుంటారండీ, తియ్యండి" అంది గుమ్మంలోకి వచ్చిన భార్య.

"గాలి సరిగ్గా ఆడుతోందో లేదో చూస్తున్నా."

"నాన్నా, సైనికుడికి నంబరుండాలి. అదొక్కటే మిగిలింది. ఏం వెయ్యమంటావు?"

మూడంకెలు చెప్పాడు. అద్దం వెనక గొంతు దూరంగా, ఎవరిదో అన్నట్టు వినిపించింది. కూతురికి అర్థంకాలేదు. భార్యకు అర్థమైంది. వచ్చి పక్కన కూర్చుని, కూతురు అంకెలు కత్తిరించిన అట్టముక్కను ఆయన తలమీది హెల్మెట్టుకు ఆనించి, కదలకుండా రెండు చేతులా పట్టుకుంది.

"మూడున్నరకి బయల్దేరాలి. నేనే దింపుతాను" అన్నాడు మేస్త్రి, ఇంకా తియ్యకుండానే. "సోమవారం ఆ గాజు తలుపు వెనక ఎవరు కూర్చుంటారో నీ తమ్ముణ్ని చూసుకోమను."

"నేనే చెబుతాను" అంది భార్య.

కూతురు తెల్లరంగు కొట్టి అట్ట ఎత్తింది. ఆకుపచ్చ మీద అంకెలు తేలాయి. 540.

"ఏంటమ్మా ఈ నంబరు?"

భార్య వేళ్లకంటిన తెల్లరంగు చూసుకుంటూ చెప్పింది. "మీ నాన్న సగం. గేటు పక్క గోడనుంచి కాలవ దాకా. పద్దెనిమిది అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. ఐదువందల నలభై చదరపు అడుగులు."