మొహమాటం గుణకం

“వద్దండీ, ఉంచండి అక్కయ్య గారూ. ఇప్పుడంత తొందరేమొచ్చింది?”

ఈ మాటన్నది మనిషి కాదు. కాకినాడ మందార బజార్ రెండో అంతస్తులో బిల్లులు కట్టించుకునే యంత్రం. దాని ఎదురుగా పర్సు తెరిచి పట్టుకుని నిలబడ్డావిడ కడలి నూకరత్నం. జగన్నాథపురం వంతెన దిగగానే ఉన్న కర్రీ పాయింట్ ఆవిడదే. ఆవిడ గుత్తొంకాయ కూర రుచి చూడని బ్రహ్మచారి ఎవడైనా ఉన్నాడంటే వాడు ఊరికి నిన్ననో మొన్ననో వచ్చి ఉండాలి. అలాంటావిడ కార్డు పెట్టడం, యంత్రం “అబ్బే” అంటూ కార్డుని వెనక్కి నెట్టెయ్యడం అప్పటికి చాలాసార్లు అయింది. గోడ గడియారం ఏడు దాటింది. ఎనిమిదికి గడువు ముగుస్తుంది.

బిల్లు కట్టమంటే కట్టని వాళ్ళ సంగతి మనకి తెలిసిందే, ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. కడతానంటే వద్దన్న సంగతి మాత్రం మీరు విని ఉండరు. నేనూ వినలేదు, కాకినాడలో జరిగేదాకా.

ముందు కార్డు గురించి చెప్పాలి. మందార కార్డు మందార బజార్లోనే చెల్లుతుంది, బయట టీ కూడా రాదు. కానీ ఆ కొట్లో ఏం కొన్నా పన్నెండు వాయిదాల్లో కట్టుకోవచ్చు, వడ్డీ పైసా ఉండదు. ఇదంతా పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉన్నదేమిటంటే, పన్నెండింటిలో ఏ ఒక్క వాయిదా గడువు దాటినా, కొన్న రోజు నుంచి మొత్తం వడ్డీ ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. గడువు చూసే సర్వర్ ఎక్కడో హైదరాబాద్‌లో ఉంటుంది. దానికి ఎవరి మోకాలు నొప్పీ అక్కర్లేదు, ఎనిమిది కొట్టిందా లేదా అంతే.

నూకరత్నం ఈ కార్డు మీద పెద్ద ఫ్రిజ్ కొంది. ఒక్క నెల తప్పకుండా కట్టుకుంటూ వచ్చింది. ఈరోజు ఆఖరి వాయిదా. ఇది కట్టేస్తే చేతిలో దాచుకున్న డబ్బుతో రేపు పొద్దున్న పక్క షట్టర్‌కి అడ్వాన్సు ఇస్తుంది. నాలుగు బల్లలు వేసి, జనాన్ని కూర్చోబెట్టి భోజనం పెట్టాలని ఆవిడ ఎన్నాళ్ళ నుంచో అనుకుంటోంది. వడ్డీ పడితే ఆ అడ్వాన్సు కాస్తా దానికే పోతుంది. షట్టర్ కోసం సెల్‌ఫోన్ల కొట్టువాడు రెడీగా కూర్చున్నాడు. అదీ పరిస్థితి.

ఇక యంత్రం సంగతి. దీనికంటే ముందు మందార వాళ్ళు పెట్టిన వసూలు యంత్రం పరమ నోటిదురుసుది. ఒక రోజు ఆలస్యమైతే చాలు, మీ వియ్యంకుడికి ఫోన్ చేసి మరీ చెప్పేది. జనం కార్డుల్ని కత్తెరతో కత్తిరించి కౌంటర్ మీద పోసి వెళ్ళిపోయారు. అప్పుడు మందార వాళ్ళు డాక్టర్ పులవర్తి హైమని పిలిచారు. ఆవిడ కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో మెషీన్ లెర్నింగ్ చెబుతుంది. ఆవిడ గమనించిందేమిటంటే, మనవాళ్ళు డబ్బు అడిగినవాడికి ఇవ్వరు. అడగలేక అటూ ఇటూ చూసేవాడిని చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమని వాళ్ళే తీసి ఇస్తారు. దీన్నంతటినీ మొహమాటం అంటారు. ఈ మాటకి ఇంగ్లీషులో సరైన మాట దొరక్క హైమ తన రిసెర్చ్ పేపర్లో మొహమాటం అనే రాసింది. దాన్ని కొలవడానికి సున్నా నుంచి వంద దాకా ఒక అంకె పెట్టింది. అదే మొహమాటం గుణకం.

గోదావరి జిల్లాల్లో పెళ్ళి భోజనాల దగ్గర, అరుగుల మీద, హోటల్ కౌంటర్ల ముందు జనం మాట్లాడుకున్న మాటలన్నీ పోగేసి హైమ ఆ యంత్రానికి నేర్పింది. దాని పేరు మర్యాద. కొత్తగా వచ్చినవాళ్ళని అది మేడమ్ అనో సార్ అనో పిలుస్తుంది. పరిచయం పెరిగేకొద్దీ గుణకం పెరుగుతుంది, పిలుపు మారుతుంది. బిల్లు మాట ఎత్తనే ఎత్తదు. కులాసాయేనా అంటుంది, ఎండలు మండిపోతున్నాయంటుంది. చివరికి కస్టమరే సిగ్గుపడి “ఆ బిల్లేదో తీసుకోండి” అనాలి. అది “ఉంచండి, పర్వాలేదు” అనాలి. మనం ఇంకోసారి బలవంతపెడితే తీసుకోవాలి. మర్యాద అంటే అంతేగా. మొదటి నెలల్లోనే వసూళ్ళు రెట్టింపయ్యాయి. మందార వాళ్ళు హైమకి శాలువా కప్పారు.

ఆ సాయంత్రం బజార్ మేనేజర్ కంగారుగా ఫోన్ చేస్తే హైమ పావుగంటలో వచ్చింది. జరిగింది నూకరత్నమే చెప్పింది. పొద్దున్నే ఫోన్‌లో డబ్బు పంపిందట. నిమిషంలో తిరిగొచ్చేసింది, పైగా నూట పదహారు రూపాయలు ఎక్కువ కలిపి. కింద ‘పిల్లలకి ఏమైనా కొనిపెట్టండి’ అని రాసి ఉందట. తనకి పిల్లలే లేరని ఆవిడ అంది. కౌంటర్‌కి వస్తే ఇదీ వరస.

హైమ స్క్రీన్ తెరిచి చూసి నుదురు పట్టుకుంది. నూకరత్నం గుణకం తొంభై ఎనిమిది. యంత్రానికి వద్దనడం నేర్పింది గానీ, దగ్గరివాళ్ళ దగ్గర ఎన్నిసార్లు వద్దన్నాక పుచ్చుకోవాలో చెప్పలేదు. చెప్పడానికి నేర్పిన మాటల్లోనే అది లేదు. బిల్లు నేను కడతానంటే నేను కడతానని కౌంటర్ ముందు కొట్టుకునేవాళ్ళు ఎక్కడ ఆగారని? దాంతో నమ్మకంగా కట్టేవాళ్ళకే గుణకం ఎక్కువైపోయింది, వాళ్ళ డబ్బే అది ముట్టడం లేదు.

తీసుకోమని హైమ స్వయంగా చెప్పి చూసింది. తనని తయారుచేసినావిడ గదా, ఆవిడ గుణకం నిండా వంద. యంత్రం ఆవిడని ముందు కూర్చోమంది. భోంచేశారా అంది. చిక్కిపోయారంది. బిల్లు విషయం రేపు చూసుకుందాం లెండి అంది. గుణకం మార్చాలంటే మందార వాళ్ళ హైదరాబాద్ ఆఫీసు తాళం తియ్యాలి. వాళ్ళు ఆరింటికే ఇళ్ళకి పోయారు. ఏడున్నరయింది.

అప్పుడు క్యూలోంచి యాళ్ళ సత్తిరాజు ముందుకి తోసుకొచ్చాడు. మనిషి ఆటో స్పేర్ పార్టుల వ్యాపారి. లిఫ్టుతో కూడా పోట్లాడగలడు. ఏళ్ళ తరబడి కట్టని బాకీ ఏదో పరువు పోతుందని కట్టడానికి వచ్చాడు. కార్డు యంత్రం మీద టపీమని పెట్టి, “ఇందా, పట్టుకుని ఏడు” అన్నాడు. చెల్లింపు అందిందని యంత్రం చప్పున రసీదిచ్చేసింది. ఒక్క అబ్బే లేదు, ఒక్క అయ్యో లేదు.

హైమ స్క్రీన్ చూసింది. సత్తిరాజు గుణకం సున్నా.

ఆవిడ నూకరత్నాన్ని పక్కకి తీసుకెళ్ళి, ఉన్న దారి ఇదొక్కటేనని చెప్పింది. దెబ్బలాడాలి. గుణకం పడిపోయేలా తిట్టాలి. నూకరత్నం యంత్రం వైపు చూసింది.

“నా మోకాలు ఎలా ఉందని నెలనెలా అడిగేది ఇదొక్కటేనండీ మేడమ్ గారూ. కూరలు పట్టుకెళ్ళేవాళ్ళు ఉప్పెక్కువైందని చెప్పడానికి తప్ప నాతో మాట్లాడరు. దీన్నెలా తిట్టమంటారు?”

హైమ షట్టర్ సంగతి గుర్తుచేసింది. నూకరత్నం కొంగు బిగించి మళ్ళీ కౌంటర్ దగ్గరికి వెళ్ళింది.

“నువ్వు మంచివాడివి కాదు తమ్ముడూ,” అంది.

“నిజమేనండీ అక్కయ్య గారూ, నాకూ ఈమధ్య అలాగే అనిపిస్తోంది. మీలాంటివాళ్ళు చెబితేనే కదా తెలిసేది,” అంది యంత్రం.

గుణకం తొంభై తొమ్మిదయింది. సొంతవాళ్ళు కాకపోతే ఎవరు మందలిస్తారని అది అనుకుంది పాపం. హైమ దూరం నుంచే అలా కాదని చెయ్యి ఊపింది. నొప్పి తగిలేలా అనాలి. ఎనిమిదికి ఇంక ఐదు నిమిషాలుంది. నూకరత్నం కళ్ళు మూసుకుంది. అద్దె పెంచమన్న ఇంటాయన్ని తలుచుకుంది, కూరలు పట్టుకెళ్ళి ఇప్పటిదాకా డబ్బులివ్వని ట్యూషన్ మేష్టార్ని తలుచుకుంది. కళ్ళు తెరిచింది.

“ఎవర్రా నీకు అక్కయ్య? అక్కయ్య అక్కయ్య అంటూ నా కొంప ముంచడానికి చూస్తున్నావా? నేను నీ అక్కనీ కాను, చెల్లెల్నీ కాను. నీకు బాకీ ఉన్నదాన్ని, అంతే. ఇదిగో నీ డబ్బు నీ మొహాన కొడుతున్నాను, తీసుకో. ఇంకెప్పుడూ నా మోకాలు గురించి అడక్కు.”

‘అక్కనీ కాను’ అన్నచోట ఆవిడ గొంతు వణికింది. యంత్రానికి వణుకు లెక్కపెట్టడం రాదు, మాటలు లెక్కపెట్టడమే వచ్చు. క్యూలో వాళ్ళంతా ఇటు తిరిగి చూశారు. సత్తిరాజు కూడా నోరు తెరిచి చూశాడు.

“చెల్లింపు అందింది. నమస్కారం మేడమ్,” అంది యంత్రం.

పక్కింటివాళ్ళు ముఖం తిప్పుకున్నట్టనిపించింది ఆవిడకి. రసీదు మడిచి జాకెట్లో పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. గడువులోపు బిల్లు కట్టి ఏడ్చిన మనిషిని హైమ అంతకుముందు చూడలేదు. ఓ మంచినీళ్ళ సీసా కొనిచ్చి పక్కన కూర్చుంది.

మర్నాడు నూకరత్నం షట్టర్‌కి అడ్వాన్సు ఇచ్చేసింది. ఊరికి మాత్రం ఆ సాయంత్రం జరిగింది తెల్లారేసరికి తెలిసిపోయింది. ఆ తర్వాత కాకినాడ అదే కాకినాడ కాదు. బిల్లు గడువు వచ్చిందంటే మందార బజార్ రెండో అంతస్తు మునిసిపల్ కుళాయి దగ్గర బిందెల పోట్లాటలా ఉండేది. ఏనాడూ ఎవరినీ నువ్వు అనని కుటుంబాలు ఇంట్లో అద్దం ముందు నిలబడి తిట్లు సాధన చేసుకునేవి. ఒక రిటైర్డ్ తెలుగు మేష్టారు ఛందస్సు తప్పకుండా తిట్టాడట, అది విని యంత్రం బాగుందండీ ఇంకోసారి చదవండి అందట, ఆయనకి గడువు దాటి వడ్డీ పడింది. సత్తిరాజు స్పేర్ పార్టుల కొట్టు పక్కనే ఇంకో బోర్డు పెట్టాడు: ‘ఇచ్చట అందరి తరఫున తిట్టబడును.’ తిట్ల వ్యాపారం స్పేర్ పార్టుల వ్యాపారాన్ని మించిపోయింది.

హైమ తప్పు సరిచేస్తానని హైదరాబాద్‌కి రాసింది. వాళ్ళు ఒప్పుకోలేదు. ఎందుకొప్పుకుంటారు? గడువులోపు బిల్లులు కట్టే ఊళ్ళల్లో దేశం మొత్తానికి కాకినాడే మొదటిదని లెక్కలొచ్చాయి. బాగా నడుస్తున్నదాన్ని కెలకొద్దన్నారు. హైమకి ఇంకో శాలువా కప్పారు. ఆ సభకి ఆవిడ ఆటోలో వెళ్తుంటే, చిల్లర లేదన్నందుకు డ్రైవర్ తిట్టిన తిట్లు ఎక్కడో విన్నట్టుందని ఆలోచించింది. కౌంటర్ దగ్గర నేర్చుకున్నవే.

నూకరత్నం భోజనం హోటల్ బాగానే నడుస్తోంది. నాలుగు బల్లలు ఆరయ్యాయి. తర్వాతి నెల ఆవిడకి కట్టాల్సిందేమీ లేదు. అయినా కాళ్ళు మందార బజార్ వైపే తీసుకెళ్ళాయి. కౌంటర్ ముందు నిలబడితే, బాకీ ఏమీ లేదు మేడమ్ అంది యంత్రం. మోకాలు ఇంకా తగ్గలేదని నూకరత్నం తనంతట తానే చెప్పింది. బాకీ ఏమీ లేదు మేడమ్ అని మళ్ళీ అంది.

ఆవిడ కిందికి దిగి ఒక మిక్సీ కొంది. వంటింట్లో మూడు మిక్సీలున్నాయి, చేతిలో డబ్బూ ఉంది, అయినా కార్డు మీదే పన్నెండు వాయిదాలకి కొంది. నెలనెలా వచ్చి కట్టింది. నాలుగు నెలలు యంత్రం మేడమ్ అనే అన్నది. తర్వాత మెల్లిగా అండీ వచ్చింది. వానాకాలంలో ఒకరోజు, ఈ చెమ్మకి మోకాళ్ళు పట్టేస్తాయండీ, జాగ్రత్త అంది. ఆ రోజు నూకరత్నం హోటల్లో అందరికీ అప్పడం ఉచితంగా వేసింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

మిక్సీ ఆఖరి వాయిదా రోజు వచ్చింది. ఏడున్నరకి ఆవిడ పర్సు తెరిచి కార్డు పెట్టింది.

“వద్దండీ, ఉంచండి అక్కయ్య గారూ. ఇప్పుడంత తొందరేమొచ్చింది?”

క్యూలో సత్తిరాజు ఉన్నాడు. తప్పుకోండి, నేనో మాటంటాను, మీ దగ్గర ఫీజు కూడా తీసుకోనన్నాడు. నూకరత్నం వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. అతను రెండడుగులు వెనక్కేశాడు. ఆవిడ గడియారం చూసింది, యంత్రాన్ని చూసింది, కార్డు తీసి పర్సులో వేసుకుంది.

“సరేలే తమ్ముడూ. నువ్వంతగా చెబుతుంటే.”

ఎనిమిదింటికి హైదరాబాద్ సర్వర్ మిక్సీ మీద ఏడాది వడ్డీ వేసేసింది. ఇంటికొచ్చేసరికి ఆవిడ ఖాతాలో నూట పదహారు రూపాయలు పడి ఉన్నాయి. వడ్డీ అంతకంటే చాలా ఎక్కువ, బాకీ ఇంకా అలాగే ఉంది. వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి కదా అనుకుంటూ, నూకరత్నం మిగిలిన కూరలు ఫ్రిజ్‌లో సర్దింది.