జోడు బోటు కింద

బోటు ఒక్కసారి ఎగిరిపడుతుంది.

స్టీరింగు గిర్రున తిరుగుతుంది... ఒకసారి, రెండుసార్లు. బోటు మాత్రం తిరగదు.

"చుక్కాని పోయిందమ్మా," అంటాడు డ్రైవరు వీరాంజనేయులు. ఇంజిన్లు ఆపేస్తాడు.

ఇర్ఫానా వెనక్కి చూస్తుంది. కంభం చెరువు మీద సాయంత్రపు ఎండ. కొండల నీడ సగం నీళ్లను కప్పేసింది. ఆ నీడలోంచి తెల్లటి స్పీడు బోటు ఒకటి... నేరుగా వీళ్ల వైపే.

"శ్రీహరి మనుషులు," అంటాడు వీరాంజనేయులు. "పది నిమిషాల్లో మన మీదికొస్తారు."

ఆమెకు భయం వేయాలి. వేయడం లేదు.

పదకొండు రోజులుగా ఏదీ లేదు. ఆకలి, నిద్ర, ఏడుపు... ఏదీ.

పదకొండు రోజుల కిందట ఆమె భర్త ముజాహిద్ ఇదే బోటు చుక్కాని బాగు చేయడానికి నీళ్లలోకి దిగాడు. అతను కింద ఉండగానే ఎవరో ఇంజిన్ ఆన్ చేశారు.

కాలు జారి బోటు కింద తిరిగే ఫ్యాన్లో పడ్డాడని ఊరంతా అనుకుంది. నిన్న వీరాంజనేయులు ఇంటికొచ్చి అసలు మాట చెప్పాడు.

"బోటు ఓనరు శ్రీహరే ఇంజిన్ వేసినాడమ్మా. నా కళ్లతో చూసినా. స్టేషన్లో చెప్తా, నువ్వూ రా. రోడ్డు మీద వాడి మనుషులున్నారు. నీళ్ల మీద పోదాం. ఫోన్ ఆపెయ్."

ఆమె ఫోన్ ఆపింది. బోటెక్కింది. అంతే.

"స్పేరు చుక్కాని ఉంది గదా మామా?"

"ఉంది. దిగి బిగించేదెవరు? నా మోకాళ్లు పనిచెయ్యవు."

స్పేరు బెంచీ కింద ఉంది. ముజాహిద్ చేతి పని. మందపాటి ఇనప రేకు, రెండు పిన్నులు. రెండు నెలల్లో మూడు చుక్కానులు వంగిపోతే, ఒకటి చేసి ముందే బోటులో పెట్టాడు.

అన్నం తింటూ అడిగేవాడు. "ఖాళీ బోటు చుక్కాని అడుగున రాళ్లకు ఎట్ల తగులుతాందే?"

ఇర్ఫానా బెంచీ కింది నుంచి ఆ రేకు లాగుతుంది.

"నేను దిగుతా," అంటుంది.

వీరాంజనేయులు ఒక్క క్షణం ఆమెనే చూస్తాడు. "చేతనవుతాదా?"

"తొమ్మిదేళ్లు ఆయన పక్కనే పనిచేసినా."

ఈత ఈ చెరువే నేర్పింది. ఆమె చున్నీని నడుముకు బిగిస్తుంది. కటింగ్ ప్లేయరు పళ్ల మధ్య. రేకు చంకలో.

దిగుతుంది.

నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆ సంగతి ఒంటికి తెలుస్తోంది, ఆమెకు కాదు.

ఇది జోడు బోటు. కింద రెండు పొడవాటి ఇనప తొట్లు, వాటి మీద చెక్కల పలక. ఒక్కో తొట్టి వెనక ఒక్కో ఇంజిన్, దాని ఫ్యాను, ఒక్కో చుక్కాని. రెండు చుక్కానులనూ పైనుంచి ఒకే కడ్డీ తిప్పుతుంది.

ఎడమ చుక్కాని తడుముతుంది. వంకర లేదు. పగులు లేదు. పై పిన్ను ఉంది. కింది పిన్ను కూడా ఉంది.

చుక్కాని బాగుంది!

ఊరికే ఊగుతోంది. పైన కడ్డీ ఊడదీస్తేనే ఇట్లా ఊగుతుంది. ఆ కడ్డీ డ్రైవరు కాళ్ల దగ్గరే ఉంటుంది...

గాలి కోసం పైకి తేలుతుంది. తొట్టి పక్కన ఎర్ర గీత వెతుకుతుంది. ఖాళీ బోటులో ఆ గీత నీటికి జానెడు పైన ఉండాలి.

మూరెడు లోతున ఉంది.

బోటు ఖాళీగా లేదు. తొట్ల నిండా ఏదో బరువు. అందుకే చుక్కాని రాళ్లకు తగిలేది. అదే ముజాహిద్ అడిగింది.

ఇంకెవరిని అడిగి ఉంటాడు? రోజూ బోటు నడిపేవాడినే.

"కింది పిన్ను చూసినావా అమ్మా?" పైనుంచి గొంతు. మెత్తగా. "బాగా లోపలికి పోయి చూడు."

ముజాహిద్‌కీ ఈ మాటే చెప్పి ఉంటాడు.

టక్.

స్టార్టరు.

ఫ్యాను కదులుతుంది. నీళ్లు ఆమెను లోపలికి లాగుతాయి. చున్నీ కొస ముందు పోతుంది... ఆ వెంటే ఆమె నడుము...

చంకలోని రేకును రెండు చేతులతో ఫ్యాన్లోకి తోస్తుంది.

ఇనుము ఇనుమును కొరుకుతుంది. ఎడమ ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది.

చున్నీ చింపుకుని రెండు తొట్ల మధ్యకు దూరుతుంది. పలక కింద జానెడు గాలి. అడ్డకమ్మీ దొరుకుతుంది. వేలాడుతుంది. కుడి ఇంజిన్ ఒక్కటే బోటును గుండ్రంగా తిప్పుతోంది.

స్పీడు బోటు వచ్చి ఆగుతుంది.

"వీరాంజనేయులూ, ఇర్ఫానా ఏది?" ఆడగొంతు. కంభం ఎస్సై నాగవేణి.

"దూకేసింది మేడమ్. మొగుడు పోయిన దిగులు... పట్టుకునేలోపే దూకేసింది."

"అబద్ధం." ఇంకో గొంతు. శ్రీహరి. "మధ్యాన్నం ఈ తొట్టి మూత తెరిచినా మేడమ్. అంతా ఎర్రచందనం దుంగలే. వెంటనే ఆ అమ్మికి ఫోన్ చేసినా. ఇరవై సార్లు చేసినా... స్విచాఫ్."

ఇర్ఫానా వింటుంది. నిన్నటి నుంచి ఎవరినైనా ద్వేషించే ఓపిక ఉండి ఉంటే ఈ మనిషినే ద్వేషించేది.

పలకల సందులోంచి వీరాంజనేయులు కాళ్లు కనిపిస్తున్నాయి. సీటు కిందికి చెయ్యి వెళ్తుంది. నాటు తుపాకీ. వెనక దాస్తున్నాడు. ఎస్సైకి కనిపించదు. తనకు కనిపిస్తోంది.

నోరు మూసుకుంటే ఆమె బతుకుతుంది. పైన ఎవరో ఒకరు పోతారు.

"మేడమ్... వాడి చేతిలో తుపాకీ ఉంది."

కాళ్లు ఆగుతాయి.

"ఇంకా ఉన్నావా నువ్వు?" అంటాడు వీరాంజనేయులు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

తుపాకీ గొట్టం పలకల సందుకు ఆనుతుంది. ఆమె కంటికి బెత్తెడు దూరం. లోపల నల్లగా, గుండ్రంగా... ఆమె దాన్నే చూస్తుంది.

ఢాం!

నొప్పి కోసం ఎదురు చూస్తుంది. రాదు.

పైన బరువుగా ఏదో కూలుతుంది. గొట్టం సందులోంచి పక్కకు జారిపోతుంది. దాని చోట ఎర్రటి చుక్క ఒకటి... ఆమె నుదుటి మీద పడుతుంది. ఇంకొకటి.

నాగవేణి బూట్లు పలక మీదికి దూకుతాయి. సందులోంచి వేళ్లు కిందికి వస్తాయి.

"ఇర్ఫానా... చెయ్యి ఇయ్యమ్మా. అయిపోయింది."

కుడి ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ముందు ఇంజిన్ ఆపండి మేడమ్," అంటుంది ఇర్ఫానా. "కింద మనిషి ఉంది."