నూట అరవై గంటల సంతకం

తుంగభద్ర కర్నూలును ముంచాక పదిహేనో ఏడు అది. ఉదయం తొమ్మిదిన్నర.

"పన్నెండు మంది సెక్యూరిటీ గార్డులు. పదకొండు మంది మనోళ్లు, ఒకడు శత్రువుల ఏజెంట్," అంది ఇంటెలిజెన్స్ యూనిట్ చీఫ్ జైనాబ్ బీ. "కడప రోడ్డు గోడౌన్‌లో డ్రోన్ ఇంజన్ ఉండాది. దాన్ని చూసేకి పదకొండుకు ఐదుగురు సైంటిస్టులు వస్తాండారు. వాళ్లే టార్గెట్. వాడెవడో కనుక్కో రంగనాథూ. గొడవైతే ఆడికాడే పేల్చేస్తాడు."

ఏజెంట్ రంగనాథ్, కోడ్‌నేమ్ తంగేడు. ఊరికి మాత్రం గార్డుల ట్రైనింగ్ స్కూల్ నడిపే సారు. ఆ ముసుగు డిపార్ట్‌మెంట్ తొడిగింది. స్కూలు లైసెన్స్ మాత్రం అసలుదే.

"నూట అరవై గంటల ట్రైనింగ్ లేనిదే ఎవరినీ గార్డుగా పెట్టకూడదు కదా మేడమ్! వానికి సర్టిఫికెట్ ఏ బేవార్సు ఇచ్చినాడు?"

ఆమె ఫైలు అతని వైపు తిప్పింది. అడుగున సంతకం రంగనాథ్‌దే.

మూడు నెలల కింద సెక్యూరిటీ ఏజెన్సీ ఓనర్ యామిని నల్లకళ్లద్దాలు నెత్తికెక్కించుకొని, గదంతా సెంటు వాసనతో నింపుతూ వచ్చింది. "పన్నెండు మందీ నందికొట్కూరోళ్లే అన్నా. మనోళ్లకు ట్రైనింగేంది?" మనోళ్లు అనే మాటకు రంగనాథ్ కరిగిపోయాడు. టీ చల్లారేలోపు పన్నెండు సంతకాలూ పడిపోయాయి.

"యామిని డబుల్ ఏజెంట్. ఈ కబురు పంపిందీ ఆమెనే. వాడెవడో ఆమెకూ తెల్దు," అంది జైనాబ్ బీ ఫైలు మూస్తూ.

పదీ నలభై. గోడౌన్. మారువేషం అవసరమే రాలేదు. ఆ పన్నెండు మందిలో ఒక్కడూ తన ట్రైనర్ ముఖం చూసినవాడు కాదు. సిగ్గుతో రంగనాథ్ చెవులు కాలాయి. ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతూ పోయాడు.

"ఏమప్పా, ఉగ్గాణి తిన్యావా?"

"యాడ సార్! బజ్జీలు అయిపోయినాయంట. బజ్జీ లేంది బొరుగులు గొంతు దిగుతాయా?"

ఆఖరివాడు గేటు దగ్గర, చేతిలో మెటల్ డిటెక్టర్. జేబు మీద పేరు నరసింహ. సైంటిస్టుల కారు మలుపు తిరిగింది.

"ఉగ్గాణి తిన్యావా?"

"డ్యూటీలో నమలను సార్. పొగాకు అలవాటు లేదు."

సీమలో పుట్టినవాడెవడూ పొద్దుటి టిఫిన్‌ను పొగాకు అనుకోడు. వాడి బొటనవేలు స్విచ్ మీదికి జరిగింది. రంగనాథ్ మణికట్టు విరిచి పట్టి, డిటెక్టర్ పిడిలోని బ్యాటరీ లాగేశాడు. స్విచ్ టక్కుమంది. అంతే. పిడి లోపల సబ్బుబిళ్లంత పేలుడు పదార్థం.

కారు దిగిన పెద్ద సైంటిస్టు చెయ్యి కలిపాడు. "భేష్! వీళ్లందరికీ ట్రైనింగ్ ఇచ్చింది మీరేనటగా?"

రంగనాథ్ తలెత్తలేకపోయాడు. ఆ ఒక్క ఉగ్గాణి ప్రశ్న సంతకానికి ముందు అడిగి ఉంటే, వాడు ఈ గేటు దాకా వచ్చేవాడే కాదు.

"నేను తెచ్చింది కాగితాలే అన్నా," అంది అప్పుడే గేటు దగ్గరికొచ్చిన యామిని మెల్లగా. "నమ్మింది నువ్వు."

సాయంత్రం జైనాబ్ బీ ఫోన్ చేసింది. "మిషన్ సక్సెస్. ఆ సర్టిఫికెట్లు ఫైల్లోంచి తీసేస్తా. మర్చిపో."

"వద్దు మేడమ్. ఉండనీండి."

మరుసటి రోజు పొద్దున్నే అతను పోలీస్ స్టేషన్‌కు నడిచి వెళ్లాడు.

"దొంగ ట్రైనింగ్ సర్టిఫికెట్లా? ఎవడప్పా ఇచ్చినోడు?" అడిగాడు రైటర్.

"రంగనాథ్ అని ఒకడు."

"యాడుంటాడు?"

"ఈడనే. మీ ఎదురుగా కూచోనుండాడు."

రైటర్ పెన్ను ఆగింది. "మరి కంప్లయింట్ ఇచ్చేదెవరు?"

"వాడే. రాసుకోప్పా."