పసుపు పెట్టిన మూట

"విమానం నడిమి దోవలో పడిపోతే ఎట్లప్పా?" అంది నారాయణమ్మ.

కొడుకు జయరాముడు జవాబివ్వలేదు. తల్లి భయాలకు జవాబు చెప్పడం వాడెప్పుడో మానేశాడు. డాక్టరు చదివినవాడు. కంబళ్ళ లారీతో బెంగళూరు చేరి, అక్కడ విమానమెక్కి ఆర్మేనియా భూకంప బాధితుల దగ్గరికి పోతున్నాడు. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది, కంబళ్ళు కొని పంపే పని కరుణా సేవాసంఘానిది. ఆ సంఘం కళ్యాణదుర్గం గోదాములో తన తల్లి వంటమనిషి. వాడికి తెలిసింది అంతే.

ఢిల్లీ ఫైళ్ళలో ఆమె పేరు ఏజెంట్ ఉన్ని.

గోదాము వంటింట్లో ట్రాన్సిస్టర్ గరగరలాడింది. ఢిల్లీ గొంతు.

"వానొస్తుందా?"

"ఈ సీమలోనా?" అంది నారాయణమ్మ. కోడ్ సరిపోయింది.

"విదేశీ ముఠా ఒక మూటలో బాంబు పెట్టింది. విమానం గాల్లో పేలాలి, నింద మన దేశం మీద పడాలి. అదీ ప్లాన్. ఎవరికీ చెప్పొద్దు, లారీ ఆపొద్దు. సంఘం సెక్రటరీ లీనా మన మనిషే. ఓవర్."

నారాయణమ్మకు ఏడుపు రాలేదు. ఉత్త భయాలకే గుండె అరగదీసుకున్న మనిషి. నిజమైనది వచ్చేసరికి లోపల ఏమీ మిగల్లేదు. పొగలు కక్కే టీ కెటిల్ పట్టుకుని గోదాములోకి నడిచింది.

మూటలన్నీ ఒకే తీరు. పక్కన నల్లకళ్ళద్దాల లీనా, సెంటు ఘాటు.

"అన్నీ చెక్ చేశాను. క్లీన్," అంది చెవిలో.

ఒక మూట మూతి మీద పసుపు బొట్టుంది. సంతకు పోయే మూటకు ఇక్కడ అది మామూలే. అయినా నారాయణమ్మ కాలు ఆగింది.

"నాగలక్ష్మమ్మా, దీనికి పసుపు పెట్టినావా?"

మూటలు కుట్టే నాగలక్ష్మమ్మ సూది ఆపింది. "మతి పోయిందా నీకు? చావిండ్లకు పోయే కంబళ్ళకు పసుపు పెడతారా యాడన్నా?"

సంతలో చూసి నేర్చుకున్నవాళ్ళు గుర్తుకని పెడతారు. లీనా గోళ్ళ సందుల్లో పసుపుంది.

లీనా హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టింది. ఏదో 'క్లిక్' మంది. మూటలో గడియారం మొదలైంది. మరుక్షణం చేతిలో పిస్తోలు. నారాయణమ్మ కెటిల్ విసిరింది. పిస్తోలు జారింది. కెవ్వుమన్న లీనాను కింద పడేసి, నాగలక్ష్మమ్మ ఆమె వీపు మీద చతికిలబడింది.

"చావింటి సొమ్ము ముడతావా మే? కదిలితే సూది దించుతా!"

నారాయణమ్మ వక్కల సంచిలోంచి అడకత్తెర తీసింది. పిడికి రబ్బరు తొడుగు, డిపార్ట్‌మెంటు సరఫరా. మూట చీల్చింది. ఎర్ర తీగ. కత్తిరించింది. చివరి టిక్కు సగంలో ఆగిపోయింది.

డిపార్ట్‌మెంటు వాళ్ళు లీనాను వెనక గుమ్మం నుంచి జీపులో తీసుకుపోయారు. మిగతా మూటలతో లారీ బయట సిద్ధంగా ఉంది. కేబిన్లో జయరాముడు రోడ్డు కేసి చూస్తున్నాడు.

"స్వెట్టరు పెట్టుకుంటివా నాయనా?"

డ్రైవర్ కదిరప్ప గేరు వేశాడు. లారీ మలుపు దాకా పోయింది. ఆమె అక్కడే నిలబడింది. అప్పుడు కిటికీలోంచి కొడుకు తల బయటికొచ్చింది.

"కంబళ్ళ లారీలో పోతాండా! చలికి చస్తానా మా?"