గంటలు మోగని శనివారం

"సూపు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా," అంది సొలాంజ్ మళ్ళీ.

"ఉండాలి. అది నేనే ఎందుకవ్వాలి?" అన్నాడు గాస్టన్ తలెత్తకుండా.

వంటింటి బల్ల నిండా బాణం గుర్తు వేసిన అట్టముక్కలు పరిచి ఉన్నాయి. అవి మర్నాటి సైకిల్ యాత్రకు అడవిలో చెట్లకు కట్టాల్సినవి. ఊళ్లో సైకిల్ షాపు గాస్టన్‌ది. ఏటా ఈస్టర్ ముందు శనివారం జరిగే ఆ యాత్రలో అందరికంటే చివర వెళ్ళేది అతనే. ఎవరి టైరు పేలినా, ఎవరి గొలుసు తెగినా ఆగి బాగుచేసి, వెనక ఎవరూ మిగిలిపోకుండా చూడటం అతని పని. అది మానేసి చాకిరేవు దగ్గర ఉల్లిపాయ సూపు పొయ్యమంటోంది భార్య. ఎందుకో మాత్రం చెప్పడం లేదు.

పొయ్యి మీద ఉప్పు చేప ఉడికిస్తున్న సొలాంజ్ అత్తగారు లియోనీకి అసలు యాత్రే నచ్చలేదు. యేసు శిలువ రోజులకు సంతాపంగా గురువారం నుంచి ఈస్టర్ దాకా చర్చి గంటలు మోగించరు, అవి రోమ్ వెళ్ళాయంటారు. "గంటలు నిన్ననే రోమ్ వెళ్ళిపోయాయి. ఆదివారం దాకా రావు. గంట కూడా మోగని రోజుల్లో బురదలో దొర్లడం ఏమిట్రా?"

"రోమ్ వెళ్ళింది గంటలమ్మా. సైకిళ్ళు ఇక్కడే ఉన్నాయి."

మేడమీద గదిలో అద్దెకుంటున్న ఎమిల్ తొట్టి దగ్గర పళ్ళేలు కడుగుతున్నాడు. పాత మఠాల మీద పుస్తకం రాస్తున్న ప్రొఫెసరని ఇంట్లో అందరికీ తెలుసు. చలికాలం మొదట్లో వచ్చినప్పుడు సైకిలెక్కడమే రాని మనిషి. ఇప్పుడు రాళ్ల దారిలో కూడా జారకుండా దిగుతున్నాడంటే అది గాస్టన్ ఓపికే.

"నేను సూపు పోస్తూ కూర్చుంటే ఎమిల్‌గారిని ఎవరు చూస్తారు?"

"ఆయన నాతో వస్తారు," అంది సొలాంజ్.

గాస్టన్ తలెత్తాడు. భార్య ఆ మనిషితో మెట్ల మీద గొంతు తగ్గించి మాట్లాడటం, తను గదిలోకి రాగానే ఇద్దరూ వాన సంగతి ఎత్తుకోవడం చలికాలమంతా చూస్తూనే ఉన్నాడు.

"మీ ఇద్దరికీ నేను అడ్డమా?" అన్నాడు నెమ్మదిగా.

లియోనీ చేతిలో గరిట ఆగింది. ఎమిల్ కొళాయి కట్టేశాడు. సొలాంజ్ దగ్గర జవాబుంది గానీ చెప్పే హక్కు లేదు. అట్టముక్కలన్నీ ఒకచోటికి చేర్చి, అంచులు సమంగా సర్దడం మొదలుపెట్టింది.

ఆమె పనిచేసేది ఇన్సూరెన్స్ ఆఫీసులోనని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. ఆ ఆఫీసు వెనక గదిలో మంగళవారం ఆమెకు బ్రీఫింగ్ జరిగింది. పై అధికారి పేరు ఎవరికీ తెలియదు. అందరూ ఆయన్ని నోటరీ అంటారు. ఎమిల్ రాసేది మఠాల పుస్తకం కాదు. ఒక పరాయి దేశపు రహస్య ప్రయోగశాలలో విషవాయువు తయారుచేసి, ఆ పాపం భరించలేక పారిపోయి వచ్చిన కెమిస్టు. వచ్చే వారం పారిస్‌లో జడ్జి ముందు సాక్ష్యం చెప్పాలి. ఆయన్ని చంపడానికి ఆ దేశపు ముఠా ఒకటి ఈ చుట్టుపక్కల దిగింది. రోడ్లన్నిటి మీదా వాళ్ల కళ్లున్నాయి.

"అందుకే రోడ్డు వద్దు," అన్నాడు నోటరీ. "ఒకే రకం హెల్మెట్లు, ఒకే రకం చొక్కాలు, ముఖాల నిండా బురద. ఆ గుంపులో మనవాణ్ణి పోల్చుకోవడం కష్టం. పై దారిలో, ఫారెస్టు గార్డు గుడిసె దగ్గర వ్యాన్ ఉంటుంది. ముందు దారి చూసేది వెరెనా. కింద మఠం పక్క చర్చి వెనక కూడా మనవాళ్లు ఉంటారు, అది ఆమెకు చెప్పలేదు."

వెరెనా ఆ ముఠాలో ఉంటూనే వీళ్లకు సమాచారం అందించే డబుల్ ఏజెంట్. బయటికి సైకిల్ గైడు. ఎర్రటి జాకెట్టు వేసుకుని, విరబోసిన జుట్టుతో ఆమె షాపు ముందు ఆగితే బేకరీ క్యూలో ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగేవారు. గాస్టన్ ఇంట్లో ఎన్నోసార్లు భోజనం చేసింది. లియోనీ చేసే ఆపిల్ టార్ట్ రెండో ముక్క అడిగి మరీ తినేది.

సొలాంజ్ సైకిల్ బెల్లులో ట్రాన్స్‌మిటర్ ఉంది. గాలి పంపులో గాలికి బదులు మిరియాల ఘాటు నింపి ఇచ్చారు. ప్రమాదమైతే బెల్లు నొక్కి చెప్పాల్సిన మాట, "బ్రేకు తడిసింది."

శనివారం పొగమంచు మధ్యాహ్నమైనా విడలేదు. బూడిదరంగు బోదెల బీచ్ చెట్ల మధ్య సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి నీడల్లా పోతున్నాయి. రాత్రి వానకు ఆకులు కుళ్లి చక్రాల కింద మెత్తగా నలుగుతున్నాయి. మామూలుగా కొండ కింది నుంచి గంటగంటకూ వినిపించే చర్చి గంట లేకపోయేసరికి అడవి ఊపిరి బిగబట్టినట్టుంది. వేటగాళ్ల మంచె ఒకటి దాటినప్పుడు దాని నిచ్చెన మీద కొత్త బురద కనిపించింది సొలాంజ్‌కి. వేట కాలం ఎప్పుడో అయిపోయింది.

గాస్టన్ సూపు గిన్నె చెల్లెలు జోజెట్‌కి అప్పజెప్పి వచ్చేశాడు. ఎప్పటిలా అందరికంటే వెనక కాకుండా, ఎమిల్ సైకిల్‌కి ఆనుకుని తొక్కుతున్నాడు. పొద్దుటి నుంచి భార్యతో ఒక్క మాట లేదు.

పెద్ద ఎక్కుడు దగ్గర ఒక ముసలాయన గేరు ఇరుక్కుని దారి అడ్డంగా పడిపోయాడు. సొలాంజ్ ఆయన్ని లేపి, గొలుసు ఎక్కించి చూసేసరికి ముందున్న ఇద్దరూ మంచులో కలిసిపోయారు. గబగబా తొక్కుకుంటూ దారులు చీలే చోటికి చేరింది. అక్కడ రాతి శిలువకు సైకిల్ ఆనించి వెరెనా ఒక్కతే నిలబడి ఉంది.

"వాళ్ళేరి?" అంది సొలాంజ్.

"పై దారికి అడ్డంగా చెట్టు పడింది. మఠం దారిన పంపించాను, ఇప్పుడే. వ్యాన్‌ని అటే రమ్మన్నాను." వెరెనా చేతి తొడుగు సర్దుకుంటూ నవ్వింది. "కంగారుపడకు. ముందు నేనే వెళ్లి చూసొచ్చాను. పన్నెండు గంటలు కొట్టడం అయ్యేదాకా అక్కడి చర్చి గోపురం కిందే నిలబడ్డాను. ఒక్క పురుగు లేదు."

సొలాంజ్ కూడా నవ్వింది. ఆ నవ్వు తన ముఖం మీదికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు.

గురువారం నుంచి ఆ గోపురంలో గంట మోగలేదు. ఈ ఊళ్లో పుట్టిన ఎవరూ ఆ మాట అనరు. వెరెనా ఏటా ఈస్టర్‌కి సెలవు పెట్టి సముద్రం ఒడ్డుకి పోయేది. మిగతా రోజుల్లో మఠం పక్క నుంచి పోతే పన్నెండుకి గంట మోగుతుంది కాబట్టి, ఈ రోజూ మోగే ఉంటుందని కలిపి చెప్పేసింది. ఆమె అక్కడ నిలబడలేదు. నిలబడాల్సిన పనీ లేదు. అక్కడ ఎవరున్నారో ఆమెకు ముందే తెలుసు.

"నా బ్రేకు తడిసింది," అంది సొలాంజ్, బెల్లు మీద బొటనవేలు నొక్కి.

వెరెనా కళ్ళు బెల్లు మీదికి వెళ్లాయి. చెయ్యి జాకెట్టు వెనక జేబులోకి వెళ్లింది. ఆ చెయ్యి బయటికి వచ్చేలోపు పంపు పని చేసింది. మొహం పట్టుకుని కూలబడిన వెరెనాను దాటుకుని, దొర్లిపడిన పిస్తోలును పొదల్లోకి తన్ని, సొలాంజ్ మఠం దారిలోకి దూకింది.

నిట్టదిగువు. ఒకప్పుడు సన్యాసులు పరిచిన రాళ్లు నాచుపట్టి ఉన్నాయి. బ్రేకు పట్టుకుంటే జారుతుంది, పట్టుకోకపోతే ఎగిరిపోతుంది. ఆమె పట్టుకోలేదు. కింద మంచు పలచబడ్డ చోట మఠం మొండిగోడ, దాని నడుమ ఒకప్పుడు రంగుటద్దాలుండిన గుండ్రటి కంత కనిపించాయి. ఆ కంతలో సన్నగా, నల్లగా ఒక గొట్టం కదులుతోంది. గోడకేసి ఇద్దరు మనుషులు నింపాదిగా పోతున్నారు. ముందు ఎమిల్, వెనక గాస్టన్.

"గాస్టన్!"

అతను విన్నాడు. భుజాలు బిగుసుకున్నాయి. వెనక్కి మాత్రం తిరగలేదు.

పేరు పెట్టి పిలిస్తే ఆగడు. ఈ రోజు ఏం చెప్పినా ఆగడు. ఒక్క మాట తప్ప.

"పంక్చర్!" అని అరిచింది సొలాంజ్.

ఇన్నేళ్లుగా ఆ మాట ఎవరు అరిచినా, శత్రువు అరిచినా, ఆగడం తప్ప అతనికి ఇంకోటి తెలియదు. కోపం కంటే ముందు చేతులు పనిచేశాయి. బ్రేకు బిగించి, ముందున్న ఎమిల్ చొక్కా పట్టి లాగాడు. చివరివాడు ఆగితే ముందరివాడూ ఆగాలని అతని నియమం. ఇద్దరూ సైకిళ్లతో సహా దురదగొండి పొదలో పడ్డారు. ఎమిల్ తల ఉండాల్సిన చోట గోడరాయి పెట్లింది.

గంటల్లేని ఆ నిశ్శబ్దంలో పేలుడు లోయంతా వినిపించింది. రెండో గుండు పేలలేదు. బెల్లు విని చర్చి వెనక నుంచి పరిగెత్తుకొచ్చిన నోటరీ మనుషులు అప్పటికే మఠం మెట్లెక్కి తుపాకీవాణ్ణి పట్టేశారు.

గాస్టన్ మోచేతి రక్తం తుడుచుకుంటూ రాతి మీది గాటు వైపు, భార్య వైపు, ఆమె సైకిల్ చక్రాల వైపు మార్చి మార్చి చూశాడు.

"పంక్చర్ ఏదీ?"

"లేదు."

"అయితే ఈయన నీకు..."

"నా పని," అంది సొలాంజ్. "పని మాత్రమే."

ఎమిల్‌ని అక్కడి నుంచే తీసుకెళ్లారు. వ్యాన్ ఎక్కేముందు ఆయన గాస్టన్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం నోటరీ ఫోన్ చేశాడు. వెరెనా నోరు విప్పడం లేదు. సొలాంజ్ వాళ్ల ఇల్లు, భోజనాల బల్ల, ఎవరు ఎక్కడ కూర్చుంటారో సైతం ఆమెకు తెలుసు. ఇంకెవరికి చెప్పిందో తెలియదు. సొలాంజ్ సోమవారానికల్లా కొత్త పేరుతో కొత్త ఊళ్లో ఉండాలి. ఒక్కతే వెళ్తే మంచిది.

ఆ రాత్రి షాపులో బురద సైకిళ్లు కడుగుతూ ఆమె భర్తకు మొత్తం చెప్పింది. ఫోన్ సంగతి కూడా. మంచం కింద పెట్టెలో బట్టలు సర్దేశానని చెప్పింది. గాస్టన్ గొలుసుకు నూనె రాస్తూ కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున గంటలు తిరిగి వచ్చాయి. మధ్యాహ్నం బల్ల చుట్టూ అందరూ చేరారు. లియోనీ, జోజెట్, ఆమె భర్త. మధ్యలో వెల్లుల్లితో కాల్చిన గొర్రె తొడ. కిటికీ పక్క ఎమిల్ కుర్చీ ఖాళీగా ఉంది, దాని పక్కన వెరెనా ఎప్పుడూ కూర్చునే కుర్చీ. వీధిలో ఒక కారు నెమ్మదించింది. సొలాంజ్ చేతిలో కత్తి ఆగింది. కారు వెళ్లిపోయింది.

గాస్టన్ రొట్టె ముక్క తుంచి అందరి పళ్ళేల్లో పెట్టాడు.

"షాపు జోజెట్‌కి ఇచ్చేస్తున్నాను," అన్నాడు, ఉప్పు అందించమన్నంత మామూలుగా. "రేపు సొలాంజ్ ఊరు మారుతోంది. నేనూ, అమ్మా వెళ్తున్నాం. ఎక్కడికని అడక్కండి. మా పేర్లు కూడా మారతాయట."

సొలాంజ్ అతని వైపు చూసింది. "ఒక్కతే వెళ్లాలన్నారు."

"వెనక ఎవరూ మిగిలిపోకుండా చూడటం నా పని," అన్నాడు గాస్టన్. "చివర నేనే వస్తాను."

జోజెట్ రొట్టె ముక్క పక్కన పెట్టి అన్న మొహంలోకి చూసింది. లియోనీ మాత్రం గొర్రె తొడ తన వైపు లాక్కుని, తనకు కావలసిన ముక్క కోసుకుంది.

"పేరేం పెడితే నాకేంటి," అంది. "ఆ ఊరి చర్చికి గంట ఉందో లేదో మాత్రం ముందు కనుక్కోండి."